డబ్బా దాచే ముందు రాయిని చదవండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో సెలవులకు వచ్చిన పిల్లలు చెప్పగా విని, జియోక్యాచింగ్ (ఒకరు ఎక్కడో దాచిన డబ్బాను జీపీఎస్ అంకెల ఆధారంగా ఇంకొకరు వెతికి పట్టుకునే ఆట) మన దగ్గర కూడా మొదలుపెడదామని ఉత్సాహపడే కుటుంబాలు, కాలేజీ బృందాలు, ట్రెక్కింగ్ మిత్రులు ఈమధ్య కనిపిస్తున్నారు. వాళ్ళు ముందుగా చేసే పని మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి కొనడం. అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. మన ఊళ్ళకు, మన వానలకు, మన కోతులకు సరిపడే పద్ధతి ఇంకోటి ఉంది. దానికి డబ్బా అక్కర్లేదు. ఆ పద్ధతి గురించి, వెంట ఉండాల్సిన సరంజామా గురించి, మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఎక్కడ దారి తప్పుతారో దాని గురించి వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పొడుగైనా వీలైనంత మేరకు ప్రచురించమని మనవి.

ఆట తెలియనివారికి ముందు నాలుగు మాటలు. 2000 సంవత్సరం మే నెల దాకా అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే చెడగొట్టి పంపేది. చేతిలోని పరికరం చూపే చోటుకూ అసలు చోటుకూ వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. మే 2న ఆ చెడగొట్టడం ఆపేశారు. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ పెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. ఉత్తరం 45° 17.460, పడమర 122° 24.800. కనుక్కున్నవాళ్ళు అందులోంచి ఒక వస్తువు తీసుకుని తమది ఒకటి పెట్టాలి, పుస్తకంలో పేరు రాయాలి. అదే ఏడాది సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ దీనికోసం వెబ్‌సైట్ తెరిచేనాటికి అందులో నమోదైనవి 75 క్యాచ్‌లు. ఇలా దాచిపెట్టినదాన్నే క్యాచ్ అంటారు. ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద 30 లక్షలు దాటాయి. ఒక్కోదానికి రెండు అంకెలు ఇస్తారు. వెతకడం ఎంత కష్టమో మొదటిది చెబుతుంది, అక్కడికి చేరడం ఎంత కష్టమో రెండోది. రెండూ 1 నుంచి 5 దాకా, అర అంకె చొప్పున పెరుగుతాయి. మొదటి అంకె 1 అయితే వెళ్ళగానే కనబడుతుంది. రెండో అంకె 5 అయితే తాడో పడవో లేకుండా చేరలేరు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు రెండు అంకెలూ 2 దాటనివి ఎంచుకుంటే సరిపోతుంది.

డబ్బా మన నగరాల్లో ఎందుకు వద్దంటున్నానంటే, హైదరాబాద్ 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ బాంబు పేలుళ్ళను చూసింది, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌ను చూసింది. బస్టాపు బెంచీ కింద, పార్కు గోడ సందులో మూత బిగించిన డబ్బా కనిపిస్తే పోలీసులకు ఫోన్ చేయమని మనమే పిల్లలకు చెప్పాం. అదే పిల్లల చేత అక్కడ డబ్బా పెట్టించడం ఏం న్యాయం? ఇది ఉత్త భయం కాదు. ఇంగ్లండ్‌లోని వెదర్బీ పట్టణంలో 2011లో ఒక క్యాచ్ పెట్టెను అనుమానించి వీధి ఖాళీ చేయించారు, బాంబు నిర్వీర్య దళం వచ్చి దాన్ని పేల్చేసింది. ఈ ఆట బాగా తెలిసిన దేశంలోనే అలా జరిగితే, పేరు కూడా వినని చోట పెట్టెలోకి చెయ్యి పెడుతూ కనబడ్డ కుర్రాడికి ఎదురయ్యే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. చార్మినార్, గోల్కొండ లాంటి రక్షిత కట్టడాల రాళ్ళ సందుల్లో ఏదీ దూర్చకూడదు. కంటోన్మెంట్ స్థలాలు, రైలు పట్టాలు, విమానాశ్రయాల చుట్టుపక్కల, విశాఖ నౌకాదళ ప్రాంతం సంగతి చెప్పనక్కర్లేదు. నల్లమలలో పులుల అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం.

పోనీ ఊరవతల గుట్ట మీద దాస్తే? అక్కడ శత్రువులు వేరు. బయటిదేశాల్లో ఎక్కువగా వాడే ఫిల్మ్ డబ్బీ మూత మన ఎండకు వదులవుతుంది. జూన్ దాటాక లోపలి కాగితం ముద్దవుతుంది. జిప్ సంచిలో పెడితే ఆగుతుందనుకుంటారు గానీ మడతపడ్డ చోట సన్నటి చిల్లుపడి, లోపలికి వెళ్ళిన తేమ బయటికి రాదు. సంచి లేనిదానికన్నా అది తొందరగా బూజుపడుతుంది. గూడు కట్టుకోవడానికి చీమలకు అంతకన్నా మంచి చోటు దొరకదు. రంగు మూత కనబడితే కోతి వదలదు. తినేది ఉంటుందని కొరికి చూసి లోయలోకి విసిరేస్తుంది. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు యజమాని దగ్గర లేకపోవడం. నెల రోజుల సెలవులకు వచ్చి అమ్మమ్మ ఊళ్ళో డబ్బా దాచి డాలస్ వెళ్ళిపోతే, అది తడిసినప్పుడు మార్చేదెవరు? అందుకే దగ్గర్లో ఉండి చూసుకునే ఏర్పాటు లేనివాళ్ళ క్యాచ్‌లను వెబ్‌సైట్ తరపు స్వచ్ఛంద పరిశీలకులు ఆమోదించరు. ఊళ్ళో చూసుకునే మనిషి ఒకరున్నారని ముందే రాసి ఇవ్వాలి. ఆ మనిషికి కూడా ఆట మీద ఇష్టం ఉండాలి. చుట్టరికం కొద్దీ ఒప్పుకున్నవాళ్ళు మొదటి వానాకాలంతో మానేస్తారు.

ఇక అసలు సంగతికి వస్తాను. 2004లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎర్త్‌క్యాచ్ అనే పద్ధతి ఉంది. అమెరికా భూవిజ్ఞాన సంఘం దీన్ని నడిపిస్తుంది. ఇందులో దాచేది ఏమీ లేదు. ఒక రాయి, ఒక గుహ, ఒక వాగు కోత ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు ఇస్తారు. దాని పుట్టుక గురించి పద్నాలుగేళ్ళ పిల్లవాడికి అర్థమయ్యేలా ఒక చిన్న పాఠం రాస్తారు. అక్కడికి వెళ్ళి చూస్తే తప్ప జవాబు చెప్పలేని మూడు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. వెళ్ళినవాళ్ళు జవాబులు యజమానికి సందేశంగా పంపి, వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుంటారు. తడిసేది లేదు, కోతి ఎత్తుకుపోయేది లేదు, పోలీసులకు అనుమానం వచ్చేది లేదు. యజమాని డాలస్‌లో ఉన్నా జవాబులు చూడగలడు. పాఠం స్థానిక భాషలో ఉండాలని ఆ కార్యక్రమం నియమాలే చెబుతాయి. అంటే మన రాళ్ళ గురించి తెలుగులో రాయడానికి అడ్డం లేకపోగా, అదే పద్ధతి. మన సైన్సు మాస్టర్లకు ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది?

పైగా మనకున్నంత సరుకు ఎందరికి ఉంది? తిరుమల ఘాట్‌లో కింద పాత గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు పొరలు, రెండింటి మధ్య ఒక గీత కనబడుతుంది. ఆ గీతకు కింది రాయీ పై రాయీ ఏర్పడిన కాలాల మధ్య భూవిజ్ఞానులు లెక్కగట్టిన ఖాళీ దాదాపు 80 కోట్ల సంవత్సరాలు. దాన్నీ, కొండపైన ఉన్న శిలాతోరణాన్నీ భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకాలుగా గుర్తించింది. విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. నంద్యాల జిల్లాలో 3,229 మీటర్ల పొడవైన బెలుం గుహలు, అరకు దారిలో బొర్రా గుహలు, పెన్న కోసిన గండికోట లోయ, మంగంపేట ముగ్గురాయి పొరలు ఉన్నాయి. ఇవేవీ వద్దు, హైదరాబాద్‌లో ఏ గుట్ట ఎక్కినా కాళ్ళ కింద 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు ఉంది.

ప్రశ్నలు తయారుచేయడంలోనే నేర్పంతా. ఖాజాగూడ వైపు గుట్టల్లో కనబడే గుండ్రటి బండలనే తీసుకోండి. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే ఆ బండలను ఎవరూ పేర్చలేదు. భూమి లోపల గడ్డకట్టిన గ్రానైటులో నిలువు, అడ్డం పగుళ్ళు వచ్చి, రాయి పెద్ద పెద్ద దిమ్మలుగా విడిపోయింది. ఆ పగుళ్ళలోకి నీరు దిగి రాయిని మెత్తబరిచింది. దిమ్మ మూల మీద నీరు మూడు వైపుల నుంచి పనిచేస్తుంది, అంచు మీద రెండు వైపుల నుంచి, మధ్య భాగం మీద ఒక్క వైపు నుంచే. అందుకని మూలలు ముందు అరిగి, దిమ్మ గుండ్రమవుతుంది. ఉల్లిపాయ పొరల్లా పైపెచ్చులు ఊడతాయి. మెత్తబడ్డ పొడి వానకు కొట్టుకుపోయాక మధ్యలో గట్టి భాగం మిగిలి, మన కంటికి పేర్చిన బండలా కనబడుతుంది. ఇంతవరకు పాఠం. ఇప్పుడు ప్రశ్నలు. పక్కపక్కనున్న రెండు నిలువు పగుళ్ళ మధ్య ఎన్ని అడుగులు? ఊడిన పెచ్చు మందం మీ వేలితో పోలిస్తే ఎంత? గులాబీ రంగు స్ఫటికాల్లో అతి పెద్దది ఎన్ని మిల్లీమీటర్లు? దక్షిణం వైపు ముఖానికీ ఉత్తరం వైపు ముఖానికీ అరుగుదలలో తేడా ఉందా, ఎందుకనుకుంటున్నారు?

ఇవి మంచి ప్రశ్నలు. ఎందుకంటే జవాబు ఇంటర్నెట్‌లో దొరకదు, టేపు లేకపోయినా చెప్పవచ్చు, మనిషి మనిషికీ కొంచెం తేడా వచ్చినా పరవాలేదు. ఈ రాయి వయసెంత, దీని పేరేమిటి అని అడిగితే అవి చెడ్డ ప్రశ్నలు. ఇంట్లో కూర్చుని జవాబు రాసేయవచ్చు. బోర్డు మీద రాసింది ఎక్కించి పంపమన్నా అంతే. ఫోటో కూడా పంపమనవచ్చు గానీ, ఫోటో ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. రాయి కొట్టి ముక్క తెమ్మనడం, సుద్దతో గుర్తు పెట్టమనడం అసలే కుదరదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడి గోడలు ఇసుకే, మీద కాలు పెడితే రాలిపోతాయి. ఇనుము తుప్పు పూతతో ఎర్రబడ్డ ఆ ఇసుకను వాన కోసిన పాయలను కాలిబాట మీద నిలబడే చూసి జవాబు చెప్పగలిగేలా ప్రశ్న ఉండాలి.

ఇక్కడ చాలామంది మరిచేది ఒకటి ఉంది. మీరు ప్రకటించాల్సింది రాయి ఉన్న చోటు కాదు, చూసే మనిషి నిలబడాల్సిన చోటు. తిరుమల ఘాట్‌రోడ్డు మలుపులో బండి ఆపనివ్వరు, ఆపకూడదు కూడా. నడిచేవాళ్ళు క్షేమంగా నిలబడి చూడగలిగే చోటుకే గుర్తు పెట్టాలి. గండికోటలో లోయ అంచుకు గుర్తు పెడితే, ఫోన్ తెర చూసుకుంటూ నడిచేవాడిని అంచు దాకా మీరే తీసుకెళ్ళినట్టు. అంచుకు పది మీటర్లు ఇవతల పెట్టండి. జీపీఎస్ ఆ మాత్రం తప్పు చూపగలదని గుర్తుంచుకోండి. గుహలకు గుర్తు టికెట్ కౌంటరు దగ్గర పెట్టాలి. లోపల సంకేతం అందదు కాబట్టి లోపలి దారిని మాటల్లో చెప్పాలి. ఆ చోటు ఎవరి అధీనంలో ఉందో వాళ్ళ అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, ఇచ్చిన అధికారి హోదాతో సహా పరిశీలకుడికి రాయాలి. నోటిమాట అధికారి బదిలీ అయ్యేదాకే పనికొస్తుంది.

అంకెల గొడవ దగ్గరికి వద్దాం. మొదటిసారి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. ఒకే చోటును మూడు రకాలుగా రాయవచ్చు. చార్మినార్‌ను ఫోన్ మ్యాపులో నొక్కితే ఉత్తరం 17.3616, తూర్పు 78.4747 అని వస్తుంది. ఇవి దశాంశ డిగ్రీలు. జియోక్యాచింగ్‌లో వాడేది డిగ్రీలు, దశాంశ నిమిషాలు. మార్చడం తేలిక. దశాంశ బిందువు తర్వాతి భాగాన్ని 60తో గుణించాలి. 0.3616ను 60తో గుణిస్తే 21.696, 0.4747ను గుణిస్తే 28.482. కాబట్టి చార్మినార్ ఉత్తరం 17° 21.696, తూర్పు 078° 28.482. పాత పటాల్లో కనబడే మూడో రకం డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. అందులో ఇదే చోటు 17° 21′ 41.8″, 78° 28′ 28.9″ అవుతుంది. గుణించకుండా 17.3616ను 17° 36.16 అనీ, 78.4747ను 78° 47.47 అనీ ఎక్కించేస్తే, పరికరం మిమ్మల్ని చార్మినార్‌కు ఈశాన్యంగా 40 కిలోమీటర్లకు పైగా దూరం తీసుకెళుతుంది. అక్కడా దారి ఉంటుంది, ఊరు ఉంటుంది. తప్పు జరిగిందని అనుమానం కూడా రాదు.

నిమిషాల్లో మూడో దశాంశ స్థానం ఒకటి మారితే నేల మీద ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు, హైదరాబాద్ దగ్గర తూర్పు పడమరలుగా 1.77 మీటర్లు మారుతుంది. డిగ్రీల్లో రాస్తే నాలుగో స్థానం విలువ దాదాపు 11 మీటర్లు, అయిదోది 1.1 మీటరు. అందుకని డిగ్రీల్లో రాసేటప్పుడు అయిదు స్థానాలు కావాలి, ఆరు, ఏడు అనవసరం. పరికరం సెట్టింగుల్లో ఆధారం (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టడానికి వాడే భూమి నమూనా, ఇంగ్లీషులో డేటమ్) డబ్ల్యూజీఎస్ 84 అని ఉందో లేదో చూసుకోండి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు (కొండలు, వాగులు చూపే పటాలు) ఎవరెస్ట్ గోళాభం అనే వేరే నమూనా మీద గీసినవి. వాటి మీది అంకెలను నేరుగా ఎక్కిస్తే గుర్తు పక్కకు జరుగుతుంది, పరికరం పాడైందని పొరబడతారు.

కొత్త చోటు నమోదు చేసేవాళ్ళు ఒక్కసారి అంకె చూసి రాసుకుంటే చాలదు. ఫోన్‌ను ఛాతీకి అడ్డం పెట్టకుండా, తెర ఆకాశం వైపు ఉండేలా పట్టుకుని, కదలకుండా అయిదు నిమిషాలు నిలబడి, సగటు లెక్కగట్టే యాప్‌తో కొలవాలి. గంట తర్వాత మళ్ళీ, వీలైతే ఇంకో రోజు మళ్ళీ కొలవాలి. ఉపగ్రహాలు ఆకాశంలో చోటు మారుతుంటాయి గనక పొద్దున వచ్చిన తప్పు మధ్యాహ్నం అదే దిక్కులో రాదు. మూడింటి సగటు నిలకడగా ఉంటుంది. తర్వాత ఆ అంకెలను ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూడండి. చిత్రాలు కూడా కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. కాబట్టి అది సరిచూసుకోవడానికే, అసలు కొలతకు బదులు కాదు.

పరికరం సంగతి. ఆరుబయట, ఆకాశం పూర్తిగా కనబడే చోట మామూలు స్మార్ట్‌ఫోన్ సుమారు 5 మీటర్ల లోపు తేడాతో చోటు చూపిస్తుంది. అంటే పెట్టినవాడి తప్పు 5, వెతికేవాడి తప్పు 5 కలిస్తే పది మీటర్లు. దూరం సున్నా చూపించిన చోటే ఉండాలని పట్టుబట్టి అక్కడే తవ్వుకుంటూ కూర్చోవడం కొత్తవాళ్ళ అలవాటు. పది మీటర్ల దగ్గరికి రాగానే ఫోన్ జేబులో పెట్టి కళ్ళతో వెతకాలి. బాణం గిరగిరా తిరుగుతుంటే పాతిక ముప్పై మీటర్లు వెనక్కి నడిచి, వేరే దిక్కు నుంచి మళ్ళీ రావాలి. రెండు మూడు వైపుల నుంచి వచ్చినప్పుడు బాణాలు ఎక్కడ కలుస్తాయో అక్కడ చూడాలి. నిలబడి ఉన్నప్పుడు దిక్కు చూపేది జీపీఎస్ కాదు, ఫోన్‌లోని అయస్కాంత దిక్సూచి. కవరుకు అయస్కాంతపు మూత ఉంటే అది అబద్ధం చెబుతుంది. కవరు తీసి, ఫోన్‌ను గాల్లో 8 ఆకారంలో తిప్పితే సర్దుకుంటుంది. అయస్కాంత ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా మన దగ్గర ఒక డిగ్రీ అటూఇటూగానే ఉంటుంది కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. సియాటిల్ ప్రాంతంలో ఉండే మనవాళ్ళు మాత్రం ఆ సర్దుబాటు పెట్టుకోవాలి, అక్కడ తేడా 15 డిగ్రీల దాకా ఉంటుంది.

కొండ అడుగున, లోయలో, ఎత్తయిన భవనాల మధ్య సంకేతం రాతి గోడకు తగిలి తిరిగి రావడం వల్ల చోటు ఎగురుతుంది. రెండు పౌనఃపున్యాలు పట్టుకునే ఫోన్లలో ఈ తప్పు తక్కువ. మీ ఫోన్ ఏమేం పట్టుకుంటుందో ఆండ్రాయిడ్‌లో జీపీఎస్‌టెస్ట్ అనే యాప్‌లో కనబడుతుంది. ఎల్ 5 అని ఉంటే రెండో పౌనఃపున్యం ఉన్నట్టు. జీపీఎస్ లాంటి మన దేశపు సొంత వ్యవస్థ నావిక్ ఉపగ్రహాల పేర్లు కూడా కొన్ని ఫోన్లలో అక్కడే కనిపిస్తాయి. శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మొదటిది ఎగిరిన ఆ వరుస ఉపగ్రహాలను మన ఉపఖండానికి ఎప్పుడూ కనబడేలా కక్ష్యల్లో ఉంచారు. పిల్లలకు తెర మీద వాటిని చూపించి చెప్పండి, ఆసక్తిగా వింటారు.

నెట్‌వర్క్ లేని చోట ఫోన్ పనిచేయదని కొందరు, ఏ తేడా లేకుండా పనిచేస్తుందని కొందరు అంటారు. రెండూ సగం నిజాలే. జీపీఎస్‌కు నెట్‌వర్క్ అక్కర్లేదు. కానీ ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్ నెట్‌వర్క్ నుంచి త్వరగా తెలుసుకుంటుంది. అది లేకపోతే ఆకాశం నుంచే ఆ సమాచారం నెమ్మదిగా దిగాలి. ఒక్కో ఉపగ్రహం తన చోటు చెప్పడానికి అర నిమిషం, అన్ని ఉపగ్రహాల పట్టికకు పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అందుకని సిగ్నల్ ఉన్న చోటే మ్యాపు ఒకసారి తెరిచి చోటు పట్టుకోనిచ్చి అప్పుడు బయల్దేరాలి. నెట్ లేకపోయినా పనిచేసే మ్యాపు యాప్‌లు ఆస్మ్‌అండ్ గానీ ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఇంట్లోనే దించుకోవాలి. క్యాచ్ పేజీలు, సూచనలు అధికారిక యాప్‌లో గానీ ఆండ్రాయిడ్‌లోని సీ జియో అనే యాప్‌లో గానీ ముందే భద్రపరచుకోవాలి. దారిలో విమానం మోడ్ పెట్టి జీపీఎస్ మాత్రం ఉంచితే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. సిగ్నల్ కోసం వెతుక్కోవడంలోనే ఫోన్ ఎక్కువ ఖర్చవుతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు అంటే ఫోన్‌ను రెండుసార్లు నింపుతుందనుకోవద్దు, మార్పిడిలో పోయేది పోగా ఒకటిన్నర సారి.

గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ లాంటి చేతి పరికరం రెండు పెన్సిల్ సెల్లులతో పాతిక గంటలు నడుస్తుంది, వానకు తట్టుకుంటుంది, ఎండలో తెర బాగా కనబడుతుంది. ఖచ్చితత్వంలో కొత్త ఫోన్‌ను మించుతుందని కొనకండి. రోజంతా నడిచేవాళ్ళకూ, వానాకాలంలో తిరిగేవాళ్ళకూ అది మంచిది. ఆదివారం పూట ఊరి గుట్ట ఎక్కడానికి ఫోన్ చాలు.

ఒక పరికరం గురించి గట్టిగా చెప్పాలి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న యంత్రాలను, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివాటిని, అమెరికాలో ట్రెక్కింగ్ చేసేవాళ్ళు సంచికి తగిలించుకుని తిరుగుతారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాటిని తేవడం గానీ వాడడం గానీ చట్టవిరుద్ధం. ఉపగ్రహ ఫోన్లకూ అదే వర్తిస్తుంది. తెలియక తెచ్చిన విదేశీ ప్రయాణికులను విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. సంకేతం అందుకోవడమే తప్ప పంపలేని మామూలు జీపీఎస్ పరికరం వేరు, ఇవి వేరు. సెలవులకు వచ్చే మీ పిల్లలకు టికెట్ తీసుకునేటప్పుడే ఈ మాట చెప్పండి.

వెళ్ళే రోజు సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వాన తగ్గాక. ఎండాకాలం గ్రానైటు గుట్ట పొద్దెక్కితే పెనమే. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, టోపీ, బూట్లు, చేతికి ఒక కర్ర. ఆ కర్ర నడవడానికన్నా రాళ్ళ సందులు తట్టి చూడడానికి ఎక్కువ పనికొస్తుంది. కంటికి కనబడని సందులోకి చెయ్యి పెట్టకూడదు, రాయి ఎత్తాల్సివస్తే అవతలి అంచు పట్టుకుని మీవైపు లేపాలి. కింద తేలో పామో ఉంటే అవతలికి పోతుంది. కొండ చరియలకు తేనెపట్టులు వేలాడుతుంటే ఆ వైపు వెళ్ళొద్దు. సెంటు పూసుకుని, పొగ పెట్టుకుని అసలే వెళ్ళొద్దు. తిరిగి వచ్చే దారి పోకుండా బండి ఆపిన చోటును మొదటి గుర్తుగా భద్రపరచుకోండి. క్యాచ్‌కు దారి చూసుకుని బండికి దారి మరచినవాళ్ళే ఎక్కువ. ప్రమాదం జరిగితే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి దగ్గరి ఊరు, మండలం పేరు ముందు చెప్పి, ఆ తర్వాత దశాంశ డిగ్రీల్లో అంకెలు ఒక్కొక్కటిగా చదవండి. వాళ్ళ దగ్గర మ్యాపులో అలాగే ఎక్కించుకోగలరు.

ఇంత చెప్పాక కూడా డబ్బా దాచాలనే కోరిక పోనివాళ్ళు ఉంటారు. పిల్లలకు అందులోనే సరదా, కాదనను. సొంత పొలం, తోట, యాజమాన్యం ఒప్పుకున్న కాలేజీ ఆవరణ అయితే పెట్టండి. డబ్బా పారదర్శకంగా ఉండాలి, లోపల ఏముందో బయటికే కనబడాలి. పైపు ముక్కలు, టేపు చుట్టినవి, వైర్లు, సెల్లులు ఉన్నవి ఎప్పుడూ వద్దు. శీతల పానీయాల సీసాలుగా ఊదక ముందు ఉండే, పరీక్షనాళిక ఆకారంలోని మందపాటి పెట్ ప్లాస్టిక్ ముక్క చిన్న క్యాచ్‌కు అన్నిటికన్నా మేలు. దాని మరమూతలోంచి నీరు దిగదు. చుట్టిన కాగితం, పొట్టి పెన్సిల్ పడతాయి. పెన్ను పెట్టొద్దు. జెల్ సిరా తేమకు పాకుతుంది, బాల్‌పెన్ను ఎండకు ఆగిపోతుంది. బయట తెలుగులో, ఇంగ్లీషులో, ఉర్దూలో ఇది ఆట వస్తువు, ప్రమాదం లేదు అని, స్థలం యజమాని ఎవరో రాయాలి. తినేవి, మందులు, అగ్గిపెట్టెలు, కత్తులు లోపల ఉండకూడదు. భూమిలో పాతిపెట్టకూడదు, చెట్టుకు మేకు కొట్టకూడదు. ఇంకో క్యాచ్‌కు 161 మీటర్ల దూరం ఉండాలి. వానాకాలం ముందొకసారి, వెనకొకసారి వెళ్ళి కాగితం మార్చాలి. దొరకలేదని వరసగా ఇద్దరు ముగ్గురు రాస్తే వెంటనే వెళ్ళి చూడాలి, పోయిందని తేలితే పేజీ మూసేయాలి. వెతికినవాళ్ళు కూడా దొరకకపోతే దొరకలేదని నిజాయితీగా రాయాలి. యజమానికి అది తప్ప వేరే కబురు అందదు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆదివారం అనుబంధంలో, జిల్లా పేజీల్లో జలపాతాలు, గుహలు, పాత శాసనాల గురించి మంచి వ్యాసాలు వేస్తున్నారు. దారి చెప్పేటప్పుడు మాత్రం ఊరి నుంచి కొంత దూరం వెళ్ళి కుడివైపు తిరగాలి అని ఆపేస్తున్నారు. కింద ఒక్క వరుసలో అక్షాంశ రేఖాంశాలు కూడా వేయండి. కాగితం మీద లింకు నొక్కలేం, అంకెలైతే ఎవరైనా ఎక్కించుకోగలరు. దశాంశ డిగ్రీలు అయిదు స్థానాలతో వేస్తే మామూలు పాఠకులకు సరిపోతుంది, పక్కనే డిగ్రీలు, నిమిషాలు మూడు స్థానాలతో వేస్తే మాలాంటివాళ్ళకు సౌకర్యం. పెళుసుగా ఉన్న చోట్లకు, తవ్వకందార్ల కన్ను పడే శాసనాలకు, గుడ్లు పెట్టే పక్షుల తావులకు మాత్రం అంకెలు ఇవ్వకుండా మండలం పేరుతో ఆపండి. ప్రూఫు చూసేవారికి చిన్న గుర్తు: తెలుగు రాష్ట్రాల్లో ఏ చోటైనా అక్షాంశం 12కూ 20కీ మధ్య, రేఖాంశం 76కూ 85కూ మధ్య ఉండాలి, నిమిషాల అంకె ఎప్పుడూ 60కి లోపే ఉండాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
హైదరాబాద్